తుడిచినా పోని మాటలు

మా ఇంట్లో ఎవరో మాటలు మోస్తున్నారని నాకు అనుమానం వచ్చింది. ఇంట్లో ఉండేది ఇద్దరమే, నేనూ నా భార్యా. నేను మోయడం లేదు కాబట్టి మోస్తున్నది ఆమే. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిందేమీ లేదు. విచిత్రమల్లా ఏమిటంటే, బయటికి పోవడానికి నాకసలు మాటే లేదు. గొంతు ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఏం చెప్పాలన్నా భోజనం పళ్లెమంత ట్యాబు మీద వేలితో రాసి చూపిస్తాను. ఎదుటివాళ్లు చదువుకుంటారు. నేను తుడిచేస్తాను. అలా తుడిచేసిన మాట మార్కాపురంలో మా వంటగది నుంచి గిద్దలూరులో ఉన్న మా అమ్మాయి దాకా ఎలా నడిచిపోతోందో నాకు అంతుచిక్కలేదు.

ముందు నా గొంతు సంగతి చెప్పాలి. నా సంపాదన అంతా దాని మీదే. ఆటోకు రెండు మైకు హారన్లు కట్టుకుని మార్కాపురం, కంభం, గిద్దలూరు, దొనకొండ, అటు చంద్రశేఖరపురం దాకా తిరిగి ప్రచారం చేసేవాణ్ని. బట్టల దుకాణంలో తగ్గింపు ధరలు, తప్పిపోయిన మేకలు, కరెంటు ఉండని వేళలు, చర్చిలో ఉజ్జీవ కూడికలు, పోయినవాళ్ల సమాధి కార్యక్రమాలు, అన్నీ నా నోటి మీదుగానే జనానికి తెలిసేవి. కంభం సంతలో నేను మైకు అందుకుంటే బేరాలు ఆడేవాళ్లు బేరం ఆపి వినేవాళ్లు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది కూడా నేనే. అందుకే గొంతు బొంగురుపోతే మైకు పనికి అది మామూలేలే అనుకున్నాను. గుంటూరులో డాక్టరు లోపలికి సన్నటి గొట్టం పంపి చూసి ఏదో ఇంగ్లీషులో చెప్పాడు. నాకు ముక్క అర్థం కాలేదు. మా అమ్మాయి నర్సు. ఆమె ముఖం చూస్తే అర్థమైంది.

ఆపరేషన్ తర్వాత మెలకువ వచ్చి నీళ్లు అడిగాను. నోరు కదిలింది గానీ చప్పుడు రాలేదు. ఇంకా గట్టిగా అడిగాను. మెడ కింద పెట్టిన చిల్లులోంచి గాలి బుస్సుమని పోయింది. ముందే చెప్పారు, సంతకం కూడా పెట్టాను, అయినా బిత్తరపోయాను. చెప్పడం వేరు, నోరు తెరిచి చూసుకోవడం వేరు.

ఇంటికొచ్చాక మొదట పలకే పట్టుకున్నాను. పలకలకే పేరుపడ్డ మార్కాపురంలో పుట్టినవాడికి పలక వెతుక్కోవాల్సిన పని ఏముంటుంది. మా నాయన పలకల షెడ్డులోనే రాయి నున్న చేసే పని చేశాడు. చిన్నప్పుడు బడి లేని రోజున నన్నూ షెడ్డులో కూర్చోబెట్టేవాడు. చట్రం బిగించిన పలకలు నా ముందుకు వచ్చేవి. ఒక్కో పలక మీద బలపంతో ఒక గీత గీసి, గీత సరిగా పడుతోందో లేదో చూసి, చెయ్యి అంచుతో తుడిచి పక్కన పేర్చాలి. గీయడం, తుడవడం, పేర్చడం. గుడ్డ పెట్టి తుడిస్తే పని సాగదు. చిటికెన వేలి పక్క నుంచి మణికట్టు దాకా ఉండే కండ ఉంది చూశారూ, అదే మాకు డస్టరు. ఆ పని మానేసి ఎన్నేళ్లయినా చెయ్యి మాత్రం మానలేదు. హోటల్లో బల్ల మీద నీళ్లు పడినా, ఆటో అద్దం మీద దుమ్ము పేరుకున్నా ముందు ఆ అంచే పోతుంది.

కానీ పలక నాకు అచ్చిరాలేదు. బలపం పొడి లేచి నేరుగా మెడ చిల్లులోకి పోయేది. నేనిప్పుడు గాలి పీల్చేది ముక్కుతో కాదు, దాంతోనే. ఒక మాట రాసి తుడిస్తే పది నిమిషాలు దగ్గు. అది చూసి అమ్మాయి భయపడిపోయింది. తర్వాతి వారం గిద్దలూరు నుంచి వస్తూ ఈ పెద్ద ట్యాబు తెచ్చింది.

"దీంట్లో పొడి ఉండదు నాయనా. ఎంత పెద్ద అక్షరాలైనా రాసుకో. పని కూడా దీంట్లోనే చేసుకోవచ్చు, కంప్యూటర్ అక్కర్లేదు" అంది. నాకు మెయిలూ గియిలూ ఏమీ లేవు కాబట్టి తన పేరుతోనే దాన్ని తెరిచింది. "ఇప్పటికి నా పేరు మీద నడుస్తాది, తర్వాత మారుద్దాం" అంది. తర్వాత చేద్దాం అన్న పని మా ఇంట్లో ఇంతవరకు ఏదీ అయింది లేదు. ఇదీ అంతే.

ఒకటి ఒప్పుకోవాలి. ఆ అద్దం పలక నన్ను మళ్లీ మనిషిని చేసింది. దానికో కీబోర్డు అట్ట ఉంది, తగిలిస్తే కంప్యూటరే. పొద్దున్నే కూర్చుని ప్రచారానికి మాటలు టైపు చేసి పెడతాను. ఇప్పుడు మైకు పట్టుకునేది వేరేవాళ్లయినా మాటలు మాత్రం నావే. నా పాత రికార్డింగులు దాంట్లోకి ఎక్కించుకుని, కావలసిన ముక్కలు కత్తిరించి అతికిస్తుంటాను. తెరను రెండుగా చీల్చి ఒక పక్క వార్తలు, ఒక పక్క నా పని పెట్టుకుంటాను. కరెంటు పోయినా అది పోదు. ఆదివారం చర్చిలో పాట మొత్తం పెద్ద అక్షరాలతో తెర మీద పెట్టి ఎత్తి పట్టుకుంటే, కళ్లజోడు మరిచి వచ్చిన ముసలమ్మలు దాన్ని చూసి పాడతారు. పాట ఎత్తుకునేవాణ్ని పాట మోసేవాణ్నయ్యాను. మొదటి ఆదివారం ఏడుపొచ్చింది. ఏడ్చినా చప్పుడు రాదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

దాని తిప్పలు దానికీ ఉన్నాయి. ఎండలో తెర కనపడదు. మా వైపు ఎండ సంగతి తెలిసిందే కదా. బస్టాండులో ఎవరైనా పలకరిస్తే వాళ్ల చెయ్యి పట్టుకుని దుకాణం నీడలోకి లాక్కుపోయి అక్కడ రాయాలి. ఒక్కోసారి అంత దూరం లాక్కుపోయి "బాగుండా" అని రాస్తే వాళ్లు నన్ను అదోలా చూసేవాళ్లు. చదువు రానివాళ్లతో ఇంకో రకం తంటా. టీ కొట్టు దగ్గర ఒకాయన మీద కోపమొచ్చి నాలుగు మాటలు రాసి చూపిస్తే, ఆయనకు చదువు రాక ట్యాబు టీ కొట్టాయన చేతికి ఇచ్చాడు. టీ కొట్టాయన దాన్ని భక్తిగా బైబిల్ చదివినట్టు చదివాడు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. కోపం ఎటు పోయిందో ఏమో. కొందరైతే నేను చెవిటివాణ్ని కూడా అనుకుని పెద్దగా అరుస్తారు.

నేను రాసింది అది పైకి చదివే ఏర్పాటు కూడా ఉంది. అమ్మాయి ఒకసారి పెట్టి వినిపించింది. నేను రాసిన మాటను ఎవరో ఆడమనిషి టీవీలో వార్తలు చదివినట్టు చదివింది. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగి నవ్వింది. నాకు ఒళ్లు మండింది. అప్పుడే దాని చప్పుళ్లన్నీ ఆపేశాను. నాకు నోరు లేదు, దానికి మాత్రం ఎందుకు?

రాసి, చూపించి, చెయ్యి అంచుతో తుడిచేవాణ్ని. అలా తుడిస్తే అద్దం మీద రాత పోదని నాకు తెలుసు. మూల మీద చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కితేనే పోతుంది. కానీ ముందు చెయ్యి దాని పని అది చేసుకుపోయేది, ఆ తర్వాతే నాకు చెత్తబుట్ట గుర్తొచ్చేది. తుడిచిన ప్రతిసారీ తెర ఒకసారి ఉలిక్కిపడినట్టు లోపలికి ముడుచుకుని మళ్లీ విచ్చుకునేది. అద్దానికి చక్కిలిగింతలేమో అనుకున్నాను.

"అదేమన్నా పలకనా అట్ల రుద్దుతాండావు, గీతలు పడ్తాయి" అని నా భార్య రోజూ అనేది.

ఇక మాటలు మోసే సంగతి. అమ్మాయి రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసేది. నేను ఆమెకు చెప్పేది ఒక్కటే, బొటనవేలు పైకెత్తడం. తిన్నావా నాయనా అంటే బొటనవేలు. నిద్ర పట్టిందా అంటే బొటనవేలు. దగ్గు తగ్గిందా అంటే రెండు బొటనవేళ్లు. నిజాలు మాత్రం నా భార్యకే రాసేవాణ్ని. రాగి జావ చిక్కగా ఉండి గొంతులో అడ్డం పడుతోందని ఒక మధ్యాహ్నం రాశాను. తెల్లారి అమ్మాయి తల్లికి ఫోన్ చేసి, "జావ వడగట్టి పోయ్ మా" అంది. పాట రానివాడు చర్చిలో దిష్టిబొమ్మలా నిలబడ్డం ఎందుకు, ఇక పోను అని ఒక శనివారం రాశాను. ఆదివారం మొదటి బస్సుకే అమ్మాయి దిగి, "నాయనా, ఈరోజు నీ పక్కన కూర్చోవాలని వచ్చినా" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ మాట అనే హక్కు నాకిప్పుడు లేదనుకోండి.

నా భార్యను నిలదీశాను. "నువ్వే చెప్తాండావు" అని ఎర్ర రంగులో రాశాను.

"నాకేం పని. నేను చెప్పలా" అంది.

"మరి ఎట్ల తెలిసింది?"

"ఏమో. కన్నపిల్ల కదా, తెలుస్తాదేమో."

ఈ జవాబుకు ఇంకా పెద్ద అక్షరాలతో ఏదో రాయబోతే ఆమె గోడ వైపు తిరిగింది. మూగవాడి భార్యకు ఇంతకు మించిన ఆయుధం ఉండదు. ఆమె చూడకపోతే నా కేకలన్నీ నా ఒళ్లోనే ఉంటాయి. ముప్పై ఏళ్లు నేను గొంతుతో గెలిచిన కొట్లాటలన్నింటికీ ఆమె ఆపరేషన్ తర్వాతి ఆరునెలల్లో గోడతో బదులు తీర్చుకుంది.

ఇట్లా ఉండగా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. గిద్దలూరులో ఆమె చేసేది ప్రైవేటు ఆసుపత్రిలో. డ్యూటీల మధ్య చదువుకుని రాసిన పరీక్ష ఫలించి, కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు పోస్టు వచ్చింది. రాష్ట్రం దాటి, రెండు రైళ్లు మారిపోవాలి. మా ఇంటావంటా సర్కారు నౌకరీ చూసినవాళ్లు లేరు. మా నాయన రాయి గీకాడు, నేను రోడ్డు మీద అరిచాను. ఆమె తెల్ల బట్టలు వేసుకుని నెల తిరిగేసరికి జీతం అందుకునే మనిషి కాబోతోంది. ఆ రోజు చర్చిలో దేవుడి మేలుకు సాక్ష్యం చెప్పడానికి నిలబడి ట్యాబు ఎత్తి పట్టుకున్నాను. పాస్టరు అయ్యగారు చదివి వినిపిస్తుంటే నాకు గర్వంతో ఒళ్లు పులకరించింది.

ఆ వారంలోనే గడ్డం గీసుకుంటుంటే చెవి కింద, దవడ పక్కన ఏదో చేతికి తగిలింది. సెనగ గింజంత గడ్డ. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే నన్ను భయపెట్టింది, ఎందుకంటే మొదటిసారి కూడా నొప్పి లేదు. సబ్బు నురగ ఆరిపోయేదాకా అద్దం ముందు అలాగే నిలబడిపోయాను.

వంటగదిలోకి పోయి నా భార్యకు రాశాను. "మెడలో గడ్డ తగుల్తాంది. పిల్లకు చెప్పొద్దు. తెలిస్తే పోదు. పోయి ఉద్యోగంలో చేరనీ, తర్వాత చూపించుకుంటా."

ఆమె చదివింది. గరిటె పక్కన పెట్టి నా మెడ తడిమింది. నేను తుడిచాను. ఈసారి గోడ వైపు తిరిగింది నాతో కొట్లాటకు కాదు.

ఆ రోజు నుంచి నాకు ఒకటే ధ్యాస, అమ్మాయి రైలెక్కాలి. ఆమె ఎక్కితే చాలు, తర్వాత డాక్టరు ఏం చెప్పినా నాకు పర్వాలేదు. చూస్తే ఆమె కదలదు. ఎప్పుడు పోతున్నావని మెసేజి పెడితే "టైముంది నాయనా" అంటుంది. ఆర్డరు చూపించమంటే "ఇంకా పనులుండాయి" అంటుంది. ఇక్కడ ఆసుపత్రిలో మానేశావా అంటే మాట మారుస్తుంది. ఇంత కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగానికి ఈ పిల్ల ఎందుకు ఇలా నసుగుతోందో అర్థం కాక నాలో నేనే తిట్టుకున్నాను.

తర్వాతి ఆదివారం ఆమె ఇంటికొచ్చింది. చర్చి నుంచి వచ్చి కోడికూర తిన్నాక, నా పక్కన మంచం మీద కూర్చుని, "పోవడానికి కొత్త పెట్టె కొన్నా నాయనా, ఫోటో చూడు" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. చూశాను. నీలం రంగు పెట్టె, చక్రాలున్నది. బాగుందని బొటనవేలు చూపించాను. పెట్టెను ఇంకో వైపు నుంచి కూడా తీసిందేమోనని తెర మీద వేలితో పక్కకు జరిపాను.

తెల్లటి బొమ్మ ఒకటి వచ్చింది. దాని మీద నీలం రంగులో వంకర అక్షరాలు. "మెడలో గడ్డ తగుల్తాంది. పిల్లకు చెప్పొద్దు."

అది నా రాత. ఆ 'గ'కు తోక అంత పొడుగ్గా లాగేది ఈ భూమ్మీద నేనొక్కణ్నే. ఆ మాట నేను ఒక్క మనిషికి చూపించాను, వంటగదిలో, పొయ్యి పక్కన. తుడిచాను. చెత్తబుట్ట నొక్కాను. అది ఎవరి ముందు ఉండకూడదో సరిగ్గా వాళ్ల అరచేతిలో ఉంది.

ఇంకా జరిపాను. రాగి జావ. చర్చిలో దిష్టిబొమ్మ. "ఈ బతుకు ఎందుకు ఉంచినాడో దేవుడు" అని ఎప్పుడో వర్షం పడుతున్న రోజు రాసింది. "నన్ను చూసి అయ్యో అనేవాళ్లను ఇంట్లోకి రానీయొద్దు." "పిల్ల ముందు నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుడ్తాండాయి." జరుపుతున్న కొద్దీ వస్తూనే ఉన్నాయి. మనిషి మాట్లాడిన మాటలు గాల్లో కలిసిపోతాయి. ముప్పై ఏళ్లు ఊరూరా మైకులో అరిచిన మాటల్లో ఒక్కటి కూడా ఇప్పుడు ఎక్కడా లేదు. గొంతు పోయిన తర్వాత గుసగుసగా చెప్పుకున్నవి మాత్రం ఒక్కటీ పోకుండా వరసగా పేర్చి ఉన్నాయి. సంతలో నలుగురి ముందు బట్టలూడదీసి నిలబెట్టినట్టయింది నాకు.

నా భార్య వచ్చి తొంగి చూసింది. "చూసినావా, నేను కాదంటే విన్యావా?" అంది. ఇంత గోలలోనూ ఆమె పంతం ఆమెది.

అమ్మాయి ముఖం తెల్లబోయింది. ఆ బొమ్మ అక్కడుందన్న సంగతి ఫోన్ ఇచ్చేటప్పుడు ఆమెకు గుర్తులేదు. నేను ట్యాబు అందుకుని "ఇవి నీకెట్ల వచ్చినాయి?" అని రాశాను. రాసి ఆమెకు చూపించి, మామూలుగా చెయ్యి అంచుతో తుడిచాను. తెర ఉలిక్కిపడింది.

"ఆ చెయ్యి" అంది అమ్మాయి. "ఇంకోసారి తుడువు."

తుడిచాను. ఆమె ఫోన్ నా వైపు తిప్పింది. కాసేపటికి "ఇవి నీకెట్ల వచ్చినాయి" అన్న నా ప్రశ్నే వరసలో మొదట వచ్చి కూర్చుంది. ఆమె విడమరిచి చెప్పింది. చెయ్యి అంచును తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకు జరిపితే, తెర మీద ఉన్నదాన్ని ఆ ట్యాబు ఫోటో తీసి దాచుకుంటుందట. అదొక సౌకర్యమట. ట్యాబు ఆమె పేరు మీద ఉంది కాబట్టి దాంట్లో ఏ ఫోటో పడినా ఆమె ఫోన్‌లోకి కూడా పోతుందట. వేరే ఊరివాడైతే చెత్తబుట్ట నొక్కి ఊరుకునేవాడు. నేను పలకల షెడ్డులో పెరిగినవాణ్ని. ముందు తుడిచాను, ఆ తర్వాత నొక్కాను. ప్రతి మాటకూ అంతే.

"మొదట నువ్వే పంపుతాండావు అనుకున్నా నాయనా" అంది అమ్మాయి. "ముఖం మీద చెప్పలేక ఇట్ల చెప్తాండావేమో అనుకున్నా. అడిగితే మానేస్తావని అడగలా. ఈ గడ్డది వచ్చినరోజు తెలిసింది, నీకు తెలియకుండానే వస్తాండాయని."

అప్పుడు రైలు గుర్తొచ్చింది. నసగడం గుర్తొచ్చింది. "అందుకేనా పోకుండా ఉండావు?" అని రాశాను.

"శుక్రవారం ఆఖరి రోజు. గడ్డ సంగతి తేలకుండా నేను పోను."

"పరీక్ష చేస్తే రిజల్టు రావడానికే వారం పడ్తాది. నీ ఉద్యోగం పోతాది."

"పోతే పోనీ."

నేను గడ్డను మెడలో పెట్టుకుని నోరు కట్టుకుని కూర్చున్నదే ఆ ఉద్యోగం కోసం. ఎర్ర రంగు తీసి, తెర నిండా తిట్లు రాశాను. నీ కష్టమంతా బూడిదలో పోస్తావా అని రాశాను. నీకు పిచ్చి పట్టిందని రాశాను. రాసి తలెత్తితే ఆమె గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. అచ్చం వాళ్లమ్మే. భుజం పట్టి కదిపితే ఇంకా ముడుచుకుంది. నా భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది.

అమ్మాయి చేతిలో ఫోన్ ఉంది. అది ఇంకా ఆ బొమ్మల దగ్గరే తెరిచి ఉంది.

తిట్లన్నీ చెత్తబుట్టలో వేశాను, తుడవకుండానే. ఏం రాయాలా అని ఆలోచించాను. ఆపరేషన్ ముందు రోజు నుంచి ఆ రోజు దాకా నేను ఎవరికీ చెప్పనిది, నా భార్యకు కూడా రాయనిది ఒకటుంది. అది రాశాను. "నాకు భయంగా ఉంది." చెయ్యి అంచుతో తుడిచాను.

కొంచెం సేపటికి గోడ వైపున్న ఆ తల ఫోన్ మీదికి వంగింది. వీపు కదలకుండా ఉండిపోయింది.

ఇంకోటి రాశాను. "రేపే చూపించుకుంటా. మీ అమ్మ నాతో వస్తాది. నువ్వు రైలెక్కు. డాక్టర్ ఏం చెప్పినా ఉన్నది ఉన్నట్టు రాసి తుడుస్తా." తుడిచాను.

ఈసారి ఆమె తిరిగింది. కళ్లు తుడుచుకోలేదు. "చెడ్డదైనా?" అంది.

తల ఊపాను.

"బొటనవేలు చూపిస్తే ఒప్పుకోను. నువ్వు తుడవని రోజు, ఉద్యోగం ఆడనే వదిలిపెట్టి వచ్చేస్తా."

"తుడిస్తే మాత్రం వదిలిపెట్టొద్దు. చెడ్డదైతే లీవు పెట్టుకోని రా" అని రాశాను. ఆమె ఒప్పుకుంది. బేరం అక్కడ కుదిరింది.

మర్నాడు పొద్దున్నే మార్కాపురంలోనే ఒక డాక్టరు గడ్డలోకి సూది పంపి లోపలి నీరు తీసి, పరీక్షకు గుంటూరు పంపాడు. ఆ మధ్యాహ్నమే మార్కాపురం రోడ్డు స్టేషనుకు పోయాం. ప్లాట్‌ఫారం మీద నీడ లేని చోట ఆమె బోగీ ఆగింది. కిటికీ దగ్గర నిలబడి ఏదో చెబుదామని ట్యాబు తెరిస్తే ఎండకు తెర నల్లగా ఉంది, నా ముఖం తప్ప ఏమీ కనపడలేదు. ఎన్నో రాద్దామనుకున్నాను. బొటనవేలు కూడా ఎత్తలేను, అది ఇక చెల్లదు. ఊరికే చెయ్యి పట్టుకున్నాను, బండి కదిలేదాకా.

శుక్రవారం ఆమె కొత్త ఆసుపత్రి గేటు ముందు తెల్ల బట్టలతో నిలబడి ఫోటో పంపింది. నేను దాన్ని తెర నిండా పెట్టుకుని ఎదురింటివాళ్లకూ పక్కింటివాళ్లకూ చూపించి వచ్చాను.

ఆ తర్వాతి వారం రిజల్టు కోసం గుంటూరు పోయాం. డాక్టరు మంచివాడు, కూర్చోబెట్టి తెలుగులోనే చెప్పాడు. మళ్లీ వచ్చింది. ఇంకో ఆపరేషన్ కుదురుతుందో లేదో స్కానింగు చూసి చెప్తాం, రేడియేషన్ మాత్రం పెట్టాలి, ఆలస్యం చేయలేదు కాబట్టి ఆశ ఉంది, పూర్తిగా నయమవుతుందని మాత్రం మాట ఇవ్వలేను. ఇవీ ఆయన మాటలు. ఒకసారి విన్నవాణ్నే కదా, రెండోసారి తట్టుకుంటాననుకున్నాను. తట్టుకోలేకపోయాను. బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాను.

నా భార్య పక్కన కూర్చుంది. చాలాసేపు కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది.

"ఇప్పుడే ఎందుకయ్యా" అంది చివరికి. "పిల్ల చేరి వారం కాలా. కొత్త చోటు. ఒక నెల కానీ. చెత్తబుట్ట బొమ్మ నొక్కితే పోతాది కదా, తుడవబాకు."

ఆమె చెప్పింది నిజం. తుడవకుండా నొక్కితే ఎవరికీ తెలియదు. జావ చిక్కగా ఉందనో, గుంటూరులో ఎండగా ఉందనో రాసి దాన్ని తుడిస్తే అక్కడ అమ్మాయి స్థిమితంగా డ్యూటీ చేసుకుంటుంది. మొదటి జీతం అందుకుంటుంది. మెడ మీద సూది గుచ్చిన చోట వేలు పెట్టుకుని అంతా ఆలోచించాను.

తర్వాత ట్యాబు ఒళ్లో పెట్టుకుని డాక్టరు చెప్పినవన్నీ రాశాను. మళ్లీ వచ్చిందని రాశాను. మాట ఇవ్వలేనన్నాడని కూడా రాశాను. ఉద్యోగం వదిలిపెట్టొద్దు, లీవు దొరికినప్పుడు రా, అని కింద రాశాను. నా భార్య చదివి కళ్లు మూసుకుంది.

చెయ్యి ఎత్తాను. చిన్నప్పుడు షెడ్డులో ఎన్ని పలకలు వచ్చినా అడగకుండా తుడిచిన చెయ్యి, ఇన్నాళ్లూ నా ప్రమేయం లేకుండా నా గుట్టంతా మోసిన చెయ్యి, తెర అంచు దగ్గర ఆగిపోయింది. అది నేను చెప్పేదాకా కదలదని నాకు మొదటిసారి తెలిసింది.

కదలమన్నాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా నిదానంగా తుడిచాను. తెర ఒకసారి ఉలిక్కిపడింది.